లిఖితుడి చేతులు

మా పూతలపట్టు వైపు ఎవరి మాట మీదైనా అనుమానం వస్తే "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అని అడుగుతారు. అప్పు తీసుకోలేదని బొంకేవాడైనా, తాగుడు మానేస్తాననేవాడైనా ఆ వినాయకుడి ముందు నిలబడాల్సిందే. గుడి పక్కన పారే ఏరు బాహుదా. దానికా పేరెలా వచ్చిందో చిన్నప్పుడు ఇంట్లో చెప్పేవాళ్ళు. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. తమ్ముడు అన్నని అడక్కుండా చెట్టు మీది పండు తిన్నాడు. రాజు అతని చేతులు నరికించాడు. ఏట్లో మునిగితే చేతులు తిరిగొచ్చాయి.

ఈ కథ మహాభారతం శాంతిపర్వంలోనూ ఉంది. అక్కడ ఇంకో ముక్క ఉంది, అది మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. చేతులు తిరిగొచ్చాక లిఖితుడు అడుగుతాడు: నన్ను శుద్ధి చేసే శక్తి నీకే ఉంటే, రాజు దగ్గరికి ఎందుకు పంపావు? శిక్షించే అధికారం నాది కాదు, రాజుది అంటాడు శంఖుడు.

కాలేజీలు కోచ్‌లని ఎలా తీసుకుంటాయో ఆలోచించినప్పుడల్లా నాకు ఈ జవాబు గుర్తొస్తుంది.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరినప్పుడు నా డిగ్రీ, పాత జీతం, పాత మేనేజర్, చివరికి అద్దె ఇంటి అడ్రసు కూడా ఆరా తీశారు. నేను రోజంతా కూర్చునేది ఒక స్క్రీన్ ముందు. పద్దెనిమిదేళ్ళ పిల్లల్ని రాత్రి బస్సెక్కించి వేరే ఊరి టోర్నమెంటుకి తీసుకెళ్ళే మనిషిని మాత్రం మనం ఒకటే అడుగుతాం, ఎన్ని కప్పులు తెచ్చావని. జట్టులో ఎవరుండాలో అతనే చెప్తాడు. స్పోర్ట్స్ కోటా సీటుకి పనికొచ్చే సర్టిఫికెట్ దక్కాలంటే ముందు జట్టులో చోటు దక్కాలి. అతని మీద ఫిర్యాదు చేసే పిల్ల పోగొట్టుకునేది ఆట ఒక్కటే కాదు.

'అది అతని సొంత విషయం కదా' అనేవాళ్ళు ఉంటారు. చాలాసార్లు నిజమే. విడాకులో, పదేళ్ళ కిందటి తాగుడో కారణంగా చూపి ఒక మనిషి బతుకుతెరువు తీసేయక్కర్లేదు. సొంత విషయం ఎక్కడ ఆగిపోతుందో చూడ్డానికి అమెరికాలో ఒక మంచి ఉదాహరణ ఉంది. 2012 ఏప్రిల్ 1న ఆర్కన్సా యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్ బాబీ పెట్రీనో మోటార్‌సైకిల్ మీంచి పడ్డాడు. వెనక సీట్లో ఎవరూ లేరన్నాడు. ఉన్నారు. ఆయన కొన్ని రోజుల ముందే తన విభాగంలో ఉద్యోగమిచ్చిన, ఆయనతో సంబంధం ఉన్న అమ్మాయి. ఆ ఉద్యోగానికి నూటయాభైకి పైగా దరఖాస్తులొచ్చాయి. యూనివర్సిటీ పదో తారీకున ఆయన్ని తీసేసింది. ప్రేమ వ్యవహారం సొంతమే. అధికారంతో ఉద్యోగం ఇప్పించడం, పైవాళ్ళకి అబద్ధం చెప్పడం సొంతం కావు. అదే ఏడాది డిసెంబర్‌లో ఇంకో యూనివర్సిటీ ఆయన్ని పిలిచింది. 2023లో ఆర్కన్సానే మళ్ళీ తీసుకుంది. అయితే ఒకటి: ఆ రెండుసార్లూ తీసుకున్నవాళ్ళకి అంతా తెలుసు. ఆ నిర్ణయం ఎవరిదో, బాధ్యత ఎవరిదో దాచడానికి వీల్లేదు.

తెలిసీ గదిలోనే తొక్కిపెడితే ఏమవుతుందో పెన్ స్టేట్ చూపించింది. అక్కడి అసిస్టెంట్ కోచ్ జెర్రీ శాండస్కీ మీద 1998లో ఒక తల్లి ఫిర్యాదు చేసింది. కేసు పెట్టలేదు. 1999లో రిటైరయ్యాడు, క్యాంపస్‌లోకి రాకపోకలు మాత్రం ఆగలేదు. 2001లో ఒకతను కళ్ళారా చూసి పైవాళ్ళకి చెప్పాడు. వాళ్ళు చేసిందల్లా పిల్లల్ని క్యాంపస్‌కి తీసుకురావద్దనడం. పోలీసులకి చెప్పలేదు. 2011లో అరెస్టయ్యాడు, 2012లో 45 నేరాలు రుజువయ్యాయి. యూనివర్సిటీ బాధితులకి 10 కోట్ల డాలర్లకి పైగా చెల్లించింది. 2001కీ 2011కీ మధ్య పదేళ్ళు. ఆ పదేళ్ళకి లెక్క డాలర్లలో తేలదు.

మన దగ్గరికి వద్దాం. 2024 ఫిబ్రవరిలో హైదరాబాద్ మహిళా క్రికెట్ జట్టు కోచ్ టీమ్ బస్సులో అమ్మాయిల ముందే మద్యం తాగాడన్న ఆరోపణ వచ్చింది. వీడియోలు బయటికొచ్చాక సంఘం ఆయన్ని పక్కన పెట్టింది. నిజానిజాలు విచారణలో తేలాల్సినవి. నన్ను ఆపింది ఆ 'వీడియోలు' అన్న మాట. ఫోన్ తీసి రికార్డు చేయలేని పిల్ల సంగతేంటి?

చట్టం ఉంది. పని చోట లైంగిక వేధింపుల చట్టం 2013లో వచ్చింది. పదేళ్ళ తర్వాత, 2023 మేలో, గోవా యూనివర్సిటీ ప్రొఫెసర్ కేసులో సుప్రీంకోర్టు ఒక పత్రికా కథనాన్ని ఎత్తి చూపింది: 30 జాతీయ క్రీడా సమాఖ్యల్లో 16కి సరైన ఫిర్యాదుల కమిటీయే లేదు. అదే తీర్పులో, కమిటీ హడావిడిగా విచారించి ఆ ప్రొఫెసర్‌కి న్యాయమైన అవకాశం ఇవ్వలేదని కేసుని వెనక్కి పంపింది. రెండూ ఒకే తీర్పులో ఉండటం నాకు నచ్చింది. విచారణ లేకపోతే ఆడపిల్లలకి అన్యాయం, సరిగా లేకపోతే ఇద్దరికీ అన్యాయం. లైంగిక నేరస్తుల జాతీయ డేటాబేస్ 2018లో మొదలైంది కానీ దాన్ని పోలీసులే చూడగలరు. అయినా అది నేరాల లెక్క. గదిలో రాజీనామా తీసుకుని, మంచివాడని సర్టిఫికెట్ రాసిచ్చి పంపేసిన మనిషి ఏ లెక్కలోకీ రాడు. పక్క ఊరి కాలేజీలో కొత్త కోచ్‌గా చేరతాడు.

అందుకే కోచ్‌ని తీసుకునే కాలేజీ పాత కాలేజీకి రాతపూర్వకంగా ఒక ప్రశ్న పంపాలి: ఈయన మీద విచారణ ఏదైనా జరిగిందా, పూర్తయిందా? జవాబు కూడా కాగితం మీదే రావాలి. ఆ తర్వాత కూడా తీసుకుంటే తీసుకోనీ. సంతకం ఎవరిదో తెలుస్తుంది.

కాణిపాకం ప్రమాణాన్ని నేను తక్కువ చెయ్యను. దానివల్ల తాగుడు మానినవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు. లిఖితుడికీ చేతులు తిరిగొచ్చాయి కదా. కానీ అతను ముందు రాజు దగ్గరికి వెళ్ళాడు, ఏట్లో మునిగింది ఆ తర్వాతే. మన కాలేజీల్లో అన్నలే తమ్ముళ్ళని గుట్టుగా ఏటికి తీసుకెళ్తున్నారు.