మాటలాడు గడియారము



"గంట యెంతయైనది?" అను ప్రశ్నకంటె సామాన్యమైన ప్రశ్న లోకములో లేదు. చూపు గలవానికి ఇది ప్రశ్నయే కాదు. గోడవంక కన్నెత్తిన చాలును. చూపు లేనివారికి మాత్రము బదులు చెప్పుటకు రెండవ మనుష్యుడొకడు కావలెను. పగలైనచో ఎవరైనను పలుకుదురు. నడురేయి ఎవరిని లేపవలెను? ఆ రెండవ మనుష్యుని పని కాలక్రమమున యంత్రమునకు ఎట్లు సంక్రమించెనో, తుదకు మన యింటి కంప్యూటరుచేత దానిని తెలుగున ఎట్లు చేయించుకొనవచ్చునో నేడు మనవి చేసెదను. నేను సంస్కృతాంధ్రములు చదివికొని, బడిలో పాఠములు చెప్పి విశ్రమించినవాడను, యంత్రశాస్త్రజ్ఞుడను కాను. అయినను ఈ కథలో వ్యాకరణమునకు గల పాలు చిన్నది కాదు గనుక సాహసించుచున్నాను.

మన దేశమున కాలము చాటు ఉద్యోగము మిక్కిలి పాతది. అడుగున సన్నని రంధ్రము గల రాగిగిన్నెను నీటితొట్టిలో తేలవిడిచినయెడల అది మెల్లగా నిండి మునుగును. ఒక పగలు, ఒక రాత్రి కలిసిన కాలములో అది అరువది మారులు మునుగవలెనని సూర్యసిద్ధాంతము చెప్పుచున్నది. ఒక్కొక్క మునుక ఒక ఘటిక, అనగా 24 నిమిషములు. ఆ ఘటికయే మన గడియ. గడియారము అను మాటలో నేటికిని ఆ గడియ నిలిచియున్నది. గిన్నె మునిగినప్పుడు కావలియున్నవాడు కంచుపలకపై కొట్టి చుట్టుపట్లవారికి తెలుపుచుండెను. గిన్నె కాలమును కొలిచెడిది. మనుష్యుడు దానిని చాటెడివాడు. కొలుచుట వేరు, చాటుట వేరు. ఈ భేదమును శ్రోతలు మనసున ఉంచుకొన గోరెదను. ఐరోపావారి గంటల గడియారము రెండవ పనినికూడ యంత్రమునకు కొంతవరకు ఒప్పగించినది. అయినను అది మాటలాడదు; దెబ్బలను మనమే లెక్కించుకొనవలెను. నిద్రమత్తులో మొదటిదెబ్బ వినబడకపోయెనా, నాలుగు కాస్త మూడగును.

1877లో ఎడిసను ఫోనోగ్రాఫును నిర్మించిన పిమ్మట మనుష్యుని మాటను దాచిపెట్టుట సాధ్యమైనది. 1911 ప్రాంతమున బెర్లినునగరమందు హిల్లరు అనునతడు గడియారపు పెట్టెలో సెల్యులాయిడు పట్టీనొకదానిని అమర్చి, దానిపై 48 గాడులలో మాటలు నింపెను. పండ్రెండు గంటలు, గంటకు నాలుగు పాదములు, వెరసి 48. పాదమునకొక మారు ఆ గడియారము నోరు విప్పి కాలము చెప్పుచుండెను. ఇది యొక పద్ధతి: చెప్పవలసిన ప్రతివాక్యమును ముందుగనే పూర్తిగా దాచుట. కాని నిమిషము నిమిషమునకు చెప్పవలెనన్నచో దినమునకు 1,440 వాక్యములు కావలెను. అంత బరువును ఆ పట్టీ మోయజాలదు.

తరువాతి మెట్టు పారిసులో పడినది. అచటి వేధశాలకు సరియైన కాలము తెలియునని నగరవాసులందరును దానికి టెలిఫోను చేసి అడుగుచుండిరి. జ్యోతిశ్శాస్త్రజ్ఞుల టెలిఫోనునకు తెరపి లేకపోయెను. వేధశాలాధ్యక్షుడు ఎస్క్లాంగోను ఈ బాధ తీర్చుటకై ఒక యంత్రమును చేయించెను. అది 1933 ఫిబ్రవరి 14వ తేదీని పని కారంభించినది. మార్సెల్ లపోర్తు అను రేడియో వ్యాఖ్యాత దానికి గొంతునిచ్చెను. మొదటిదినముననే సుమారు 1,40,000 మంది దానిని పిలిచిరట. అంతమందికి పలుకుటకు తగినన్ని తీగలు లేక, పిలిచినవారిలో అధికసంఖ్యాకులకు బదులు దొరకనేలేదు. జనమునకు ఈ కోరిక ఎంత గాఢముగా ఉండెనో చూడుడు. ఆ సేవ ఎనుబదితొమ్మిదేండ్లు నడచి 2022 జూలై 1న నిలిచిపోయినది.

1936 జూలై 24న లండనునందును ఇట్టి గడియారమే వెలసినది. అందుకై తపాలాశాఖవారు టెలిఫోను ఉద్యోగినులలో పోటీ పెట్టి ఎథెల్ కెయిను అను నామె కంఠమును ఎన్నుకొనిరి. ఆమె మాటలను గాజుపలకలపై ఛాయాచిత్రములవలె ముద్రించిరి. గంటల మాటలు ఒక పలకపై, నిమిషముల మాటలు వేరుపలకలపై, క్షణముల మాటలు ఇంకొకదానిపై ఉండెను. పది క్షణములకొకమారు యంత్రము ఆయా పలకలనుండి తగిన ముక్కలను ఏరి, వాక్యముగా కూర్చి వినిపించెడిది. ఈ కథలో కీలకము ఇచ్చటనే ఉన్నది. ఆ వాక్యములను ఎథెల్ కెయిను ఎన్నడును పూర్తిగా ఉచ్చరింపలేదు. ఆమె పదములనిచ్చినది, కూర్పు యంత్రముది, కూర్పునకు నియమము ఇంగ్లీషు వ్యాకరణముది.

ఇక ఇంటి కంప్యూటరు. 1978లో అమెరికాలోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారు పిల్లలకు ఇంగ్లీషు పదముల వర్ణక్రమము నేర్పు బొమ్మ నొకదానిని తెచ్చిరి. అందులోని చిన్నబిళ్ల ధ్వనిని దాచలేదు. ధ్వని పుట్టునప్పుడు గొంతు, నోరు ఏయే ఆకృతులు దాల్చునో ఆ కొలతలను దాచి, వాటినుండి ధ్వనిని పుట్టించెను. స్థానకరణప్రయత్నములచే వర్ణోత్పత్తి యని మన శిక్షాశాస్త్రము చెప్పినదానికి ఇది దూరపుచుట్టము. 1981లో వెలువడిన బీబీసీ మైక్రో అను కంప్యూటరుకు అదే జాతి బిళ్లను అదనముగా తగిలించుకొను వీలుండెను. అందులోని కంఠము కెన్నెత్ కెండాల్ అను వార్తాపాఠకునిది. స్పెక్ట్రము అను మరియొక చవుక కంప్యూటరుకు 1983లో వేరొక పలుకుపెట్టె వచ్చినది. దాని బిళ్ల 59 వర్ణధ్వనులను అతికి మాట పుట్టించెను. కాని అవి ఇంగ్లీషు ధ్వనులు. వానిలో మన ణకారము, ళకారము లేవు.

మన ప్రభుత్వము 1984లో క్లాస్ అను పేర ఒక పథకమును ఆరంభించి, తొలివిడతలో 250 పాఠశాలలకు బీబీసీ మైక్రోలను పంపినది. రెండేండ్ల తరువాత ఒక పాఠశాలలో అట్టి యంత్రమును చూచు భాగ్యము నాకు కలిగినది. బీరువాలో తాళము వేసి ఉంచెడివారు. వారమునకొక గంట మాత్రము బయటికి తీసెడివారు. దానికి నోరు లేదు, పలుకుబిళ్ల తగిలింపలేదు. గణితోపాధ్యాయుడైన నా మిత్రుడు దానిచేత తెరపై గడియారము వ్రాయించి చూపెను. అందులోని లెక్క నన్ను ఆకర్షించినది. ఆ యంత్రము క్షణమును నూరు పాళ్లుచేసి, తనలో తాను ఎడతెగక లెక్కించుకొనుచుండును. ఆ లెక్క 54,24,000 అయినదనుకొందము. నూరుచేత భాగించిన 54,240 క్షణములు. అరువదిచేత భాగించిన 904 నిమిషములు. మరల అరువదిచేత భాగించిన లబ్ధము 15, శేషము 4. పదునైదునుండి పండ్రెండు తీసివేయగా, మధ్యాహ్నము మూడు గంటల నాలుగు నిమిషములు. మూడు భాగహారములు, ఒక తీసివేత, గడియారమంతయు ఇంతియే. కరెంటు పోయినచో మాత్రము ఆ లెక్క నశించును. సరియైన కాలమును మరల మనమే చెప్పవలెను.

నేటి కంప్యూటర్లు ఆపివేసినను కాలమును మరవవు. వానిలో పెక్కింటి లెక్క 1970 జనవరి 1వ తేదీ మొదలుకొని గడచిన క్షణముల సంఖ్య. ఇది తెలిసినప్పుడు నాకు నవ్వు వచ్చినది. మన సిద్ధాంతులు కలియుగాదినుండి గడచిన దినములను అహర్గణమను పేర లెక్కించి, దానిని భాగించి, శేషమునుబట్టి వారమును తేల్చుదురు. ఆరంభదినము వేరు, కొలత వేరు, ఉపాయము ఒక్కటియే.

నేనీ లెక్కలో మరల దిగుటకు కారణము మా అమ్మ. ఎనుబదియేడవ యేట ఆమెకు చూపు పూర్తిగా పోయినది. ఒక రాత్రి తెల్లవారవచ్చినదని తలచి లేచి, పెరటిలోనికి పోయి, నీళ్లతొట్టికడ జారిపడినది. అప్పుడు రాత్రి రెండు గంటలు. ఎముకలు విరుగలేదు గాని గుండె చెదరినది. "నన్ను లేపకూడదా అమ్మా?" అంటిని. "రోజూ ఎన్నిసార్లు లేపను నాయనా?" అనినది. ఆ మాట నన్ను నిద్రపోనీయలేదు. గంట యెంతయని అడుగుటకు ఆమె సిగ్గుపడుచున్నదని నేను కనిపెట్టలేకపోతిని.

పండ్రెండేండ్ల మా మనుమరాలు బడిలో పైథాను అను కంప్యూటరు భాష నేర్చుకొనుచుండెను. లెక్క నేను చెప్పితిని, వ్రాత ఆమెది, గొంతుకూడ ఆమెదే. అంకెలను ఒకటి మొదలు ఇరువదివరకు, పిమ్మట ముప్పది, నలుబది, ఏబది, గంటలు, నిమిషములు అను మాటలను విడివిడిగా పలికి, వేరువేరు ఫైళ్లలో దాచినది. మీట నొక్కగానే యంత్రము కాలమును భాగించి, తగిన ఫైళ్లను వరుసగా వినిపింపవలెను. ఒక మధ్యాహ్నము అమ్మచేతనే మీట నొక్కించితిమి. "ఒకటి గంటలు ఇరవై ఐదు నిమిషాలు" అని పలికినది. అమ్మ పకపక నవ్వి, "ఇదేం తెలుగే? ఒంటిగంట అనాలి గాని!" అనినది. మనుమరాలు చిన్నబోయి, "తాతయ్యా, లెక్క సరిగానే ఉందిగా!" అనినది. లెక్క సరిగానే ఉన్నది, వ్యాకరణమే లేదు. ఇంగ్లీషుకు చాలిన నియమమును తెలుగుకు తగిలించితిమి. జీవితమంతయు సంధులు చెప్పినవాడను, నేనే ఆ మాట మరచితిని!

ఆ సాయంకాలము పలకపట్టి కూర్చుంటిని. తెలుగున గంట చెప్పునప్పుడు "ఒకటి" అను రూపముతో పనియే లేదు. గంటకు ముందు ఒంటి. నిమిషమునకు ముందు ఒక. ఇరువదితో కలిసినప్పుడు ఇరవయ్యొక్క. నిమిషములు లేనియెడల "రెండు గంటలు". నిమిషములు తరువాత వచ్చునెడల "రెండు గంటల" అని రూపము మారును. ఇరవైరెండు, ఇరవైమూడు అనునవి అతికినను చెల్లును. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది అచ్చుతో మొదలగుటచే ఇరవయ్యైదు, ఇరవయ్యారు అని సంధి జరుగును. కనుక అచ్చుతో కలియు ఈ రూపములను పదికి ఐదేసి చొప్పున ఇరువదింటిని విడదీయక నిండుగా పలికించితిమి. మొత్తము లెక్క ఇది: రెండు మొదలు ఇరువదివరకు 19, ముప్పై, నలభై, యాభై 3, ఒంటి, ఒక 2, సంధిరూపములు 20, గంట, గంటలు, గంటల, నిమిషము, నిమిషములు 5, తెల్లవారుజాము మొదలు రాత్రివరకు వేళలు 5. వెరసి 54 ముక్కలు. వీనితో దినమందలి 1,440 నిమిషములును చెప్పవచ్చును. హిందీలో అంకె అంకెకును దాదాపు ఒక ప్రత్యేకరూపము కలదు. ఇరువదితొమ్మిదిని ముప్పదికి ఒకటి తక్కువయని చెప్పుదురు. సంస్కృతమున పంచవింశతి యన్నట్లు జర్మను భాషలోను ఐదు ముందు, ఇరువది వెనుక. ఏ భాష గడియారమునకు ఆ భాష వ్యాకరణము తెలిసినవాడే పెద్ద.

ఇందులో నేను గ్రహించిన విషయమొకటి మనవి చేసి విరమించెదను. యంత్రము మాటలాడుచున్నదని మనము మురియుదుము. పారిసునందైనను, లండనునందైనను, మా యింటనైనను మాటలాడినది మనుష్యుడే. ఒకరి గొంతును ముక్కలుచేసి, భాషానియమముచొప్పున కూర్చుట మాత్రమే యంత్రము పని. ఆ నియమమును మనము చెప్పనియెడల అది "ఒకటి గంటలు" అనియే పలుకును. కొంతకాలమునకు మన పిల్లలును అట్లే పలుకుదురు. ఒంటిగంట అను మాటను కంప్యూటరులో నిలుపుట ఏ దూరదేశపు పండితునికిని సాధ్యము కాదు. అది మన పని.

సవరించిన గడియారమును అమ్మ మంచముప్రక్కన ఉంచితిమి. మీట గుర్తుపట్టుటకై దానిపై గుడ్డముక్క అంటించితిమి. మొదటి రాత్రి పక్కగదిలోనుండి మెల్లగా వినవచ్చినది: "తెల్లవారుజాము మూడు గంటల నలభయ్యారు నిమిషాలు." అమ్మ "ఇంకా పొద్దుంది" అనుకొని అటు తిరిగి పండుకొన్నది. నన్ను లేపలేదు. నేను మేలుకొనియే యుంటిని.

సెలవు.