సినాయి ఎడారి దండయాత్ర – దాని పర్యవసానాలు

మొదటి ప్రపంచ సంగ్రామం అనగానే చదువరులకు ఫ్రాన్సు దేశపు బురద కందకాలు జ్ఞప్తికి వస్తాయి. అదే కాలంలో ఈజిప్టుకూ పాలస్తీనాకూ నడుమనున్న సినాయి ఎడారిలో ఆరంభమైన మరొక యుద్ధానికి పాఠ్యపుస్తకాలలో దక్కేది ఒకటి రెండు వాక్యాలే. అయినా పశ్చిమాసియా పటంలో నేడు కనిపించే సరిహద్దులలో అనేకం ఆ యుద్ధం వెంట వచ్చినవే. అందులో పోరాడినవారిలో మైసూరు, హైదరాబాదు సంస్థానాల అశ్వికులూ ఉన్నారు.

1914 చివర ఆటోమన్ తురుష్క సామ్రాజ్యం జర్మనీ పక్షాన యుద్ధంలోకి దిగినది. బ్రిటిషు సామ్రాజ్యానికి సూయజ్ కాలువ జీవనాడి. దానిని వశపరచుకొనదలచి 1915 ఫిబ్రవరి మొదటి వారంలో జెమాల్ పాషా సేనలు ఎడారి దాటి వచ్చి, పడవలపై కాలువ దాటబోయి విఫలమైనాయి. కాలువ గట్టున వారిని ఎదుర్కొన్నవారిలో అధికభాగం భారతీయ సైనికులే. వెంట మోసుకొన్న నీటితో ఒక సైన్యం ఎడారిని దాటగలదే గాని, దాటిన తరువాత నిలిచి పోరాడజాలదని ఆ ఓటమి తెలిపినది.

1916లో జనరల్ మర్రే నాయకత్వాన బ్రిటిషువారు తూర్పునకు కదిలినప్పుడు ఈ పాఠాన్ని మరువలేదు. కాలువ ఒడ్డునున్న కాంతారా నుండి రైలుమార్గం వేయనారంభించారు. దాని వెంబడే నీటి గొట్టం. నైలునది నీటిని తోడి, వడగట్టి, శుద్ధిచేసి, సూయజ్ కాలువ అడుగుగా ఆవలి గట్టుకు చేర్చి, అక్కడి నుండి పంపులతో ఎడారిలోనికి పంపారు. పదాతుల కాళ్లు ఇసుకలో దిగబడకుండా కోళ్లగూళ్లకు కట్టే తీగవల వంటి దానిని నేలపై పరచి బాట చేశారు. పట్టాలు ఎంత దూరం సాగితే దండు కూడా అంత దూరమే. ఆగస్టులో రొమానీ వద్ద విజయం, డిసెంబరులో అల్ అరీష్, 1917 జనవరిలో రఫా. సుమారు 200 కిలోమీటర్లు గడవడానికి ఏడాది కాలం పట్టినది. ఇంత నెమ్మదిగా సాగిన దండయాత్ర కథ పిల్లలకు విసుగు పుట్టించవచ్చు. కాని దాని బలమంతా ఆ నెమ్మదిలోనే ఉన్నది.

ఆ పట్టాలను, గొట్టాలను మోసినవారు ఈజిప్టు రైతులు. తొలుత కూలికి ఆశపడి వచ్చారు. రానురాను జనం చాలక, గ్రామాధికారుల ద్వారా నిర్బంధంగా తరలించడం మొదలైనది. వారి ఒంటెలను, ధాన్యాన్ని సైతం సైన్యం కోసం సేకరించారు. యుద్ధచరిత్రలు సేనానుల పేర్లు పుటల కొలది వ్రాసి ఈ రైతులను ఒక్క వాక్యంతో దాటవేయడం న్యాయం కాదు. 1919 మార్చిలో ఈజిప్టు తిరుగబడినప్పుడు పల్లెల ప్రజలు పెకలించినది రైలు పట్టాలనే. 1922లో బ్రిటన్ ఈజిప్టు స్వాతంత్ర్యాన్ని ప్రకటించవలసి వచ్చినది. కాలువ రక్షణను మాత్రం తన చేతిలోనే ఉంచుకొన్నది.

గాజా వద్ద 1917 మార్చి, ఏప్రిల్ నెలలలో బ్రిటిషు సేన రెండు పర్యాయాలు ఓడినది. మర్రే స్థానంలో వచ్చిన అలెన్బీ ముందుగా బీర్షెబా బావులపై దృష్టి నిలిపాడు. అక్టోబరు 31 సాయంకాలం ఆస్ట్రేలియా అశ్వికులు ఆ పట్టణంలోనికి దూసుకొనిపోయారు. బావులలో అధికభాగం ధ్వంసం కాకుండా దక్కాయి. డిసెంబరు 9న జెరూసలేం లొంగిపోగా, 11న అలెన్బీ కాలినడకన నగరం ప్రవేశించాడు. నైలు నీరు పాలస్తీనాకు చేరిన నాడు ఒక ప్రవక్త వచ్చి తురుష్కులను వెడలగొడతాడని అక్కడి జనశ్రుతి. అరబ్బీలో ప్రవక్తను ‘అల్ నబీ’ అంటారు. సేనాని పేరు అందుకు సరిపోయినదని ప్రజలు చెప్పుకొన్నారట.

1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణం పట్టుబడిన ఘట్టం కన్నడదేశంలో స్థిరపడిన తెలుగువారికి కొంత చేరువైనది. కార్మెల్ కొండపై నున్న ఫిరంగుల మీదికి మైసూరు లాన్సర్లు ఎక్కగా, కొండకూ ఏటికీ నడుమ ఇరుకుదారిని జోధ్‌పూర్ లాన్సర్లు గుర్రాలను దుమికించారు. జోధ్‌పూర్ దళనాయకుడు మేజర్ దళపత్ సింగ్ అక్కడే నేలకొరిగాడు. పట్టుబడిన శత్రువులు 1,350 మంది. మరణించిన భారతీయులు 8 మంది, గాయపడినవారు 34 మంది. ఆ దళంలోనే హైదరాబాదు లాన్సర్లూ ఉన్నారు గాని, ఆనాటి దాడిలో పాల్గొనలేదు. ఢిల్లీలోని మూడు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల అశ్వికులవే; 2018లో ఆ కూడలికి హైఫా పేరు చేర్చారు. బెంగళూరు జె.సి. నగరులో మైసూరు లాన్సర్ల స్మారకస్తంభం ఉన్నది. నిత్యం దాని ముందుగా పోయేవారిలో తల ఎత్తి చూసేవారు తక్కువ.

అక్టోబరు 1న డమాస్కస్, అక్టోబరు 30న యుద్ధవిరమణ. గెలిచిన భూమి ఎవరిది? తురుష్కులపై తిరుగబడితే స్వతంత్ర రాజ్యం లభిస్తుందని మక్కా షరీఫు హుసేనుకు 1915–16లో బ్రిటిషువారు ఆశ చూపారు. 1916 మేలో అదే ప్రాంతాన్ని సైక్స్, పికోల ఒప్పందంతో ఫ్రాన్సుతో రహస్యంగా పంచుకొన్నారు. బీర్షెబా పడిన రెండు రోజులకు, 1917 నవంబరు 2న, పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పడడానికి తోడ్పడతామని బాల్ఫర్ ప్రకటన వెలువరించారు. ఒకే పొలాన్ని ముగ్గురికి వ్రాసి ఇచ్చిన దస్తావేజు వంటిది ఇది. అక్కడ నివసించే ప్రజలను అడిగినవారు లేరు. 1920లో శాన్‌రెమో సమావేశం సిరియాను ఫ్రాన్సుకు, పాలస్తీనా, ఇరాకులను బ్రిటనుకు అప్పగించినది. హుసేను కుమారుడు ఫైజలును ఫ్రెంచివారు డమాస్కస్ నుండి వెడలగొట్టగా, 1921లో బ్రిటిషువారు అతనిని ఇరాకు సింహాసనంపై కూర్చుండబెట్టారు. అతని అన్న అబ్దుల్లాకు జోర్డాను నది ఆవలి భూమి దక్కినది. పాలస్తీనా చిక్కు మాత్రం వీడలేదు. 1948లో ఇజ్రాయెలు ఏర్పడినప్పటి యుద్ధంలో సుమారు 7 లక్షల మంది పాలస్తీనా అరబ్బులు ఇల్లూ వాకిలీ కోల్పోయారు. ఆనాటి కాందిశీకుల సంతతితో కిక్కిరిసిన గాజా, రెండుసార్లు అలెన్బీకి ముందటి సేనను నిలువరించిన ఆ గాజాయే.

సైన్యం వేసిన రైలుమార్గం యుద్ధానంతరం ప్రజల ప్రయాణాలకు ఉపయోగపడినది. కాంతారాలో రైలెక్కిన యాత్రికుడు గాజా మీదుగా హైఫా చేరేవాడు. 1948 యుద్ధంతో ఆ మార్గం తెగిపోయినది. 1967లో సినాయిని ఆక్రమించిన ఇజ్రాయెలు సైన్యం ఎడారిలోని పట్టాలను ఊడదీసి, సూయజ్ కాలువ గట్టున తాను కట్టుకొన్న కోటగుంతలకు వాడుకొన్నది.