విద్యాదానమున న్యాయవాదుల పాత్ర: తిరువళ్లూరు, తిరుత్తణి సీమలు

తిరువళ్లూరు నుండి తిరుత్తణికి పోవు మార్గమున పట్టరైపెరుంబుదూరు అను గ్రామము కలదు. 2018వ సంవత్సరమున మద్రాసు న్యాయకళాశాల రెండుగా విభజింపబడి, ఒక భాగము ఈ గ్రామమునకును, మఱియొకటి పుదుప్పాక్కమునకును తరలింపబడెను. 1891లో స్థాపింపబడి, హైకోర్టు చెంత శతాబ్దమునకు పైగా నిలిచిన యా కళాశాలకు తెలుగువారితో గల సంబంధము సామాన్యమైనది కాదు. నెల్లూరు సీమవారైన అల్లాడి కృష్ణస్వామయ్యరుగారును, తిరుచానూరి వారైన మాడభూషి అనంతశయనం అయ్యంగారుగారును, రాజమహేంద్రవరమున జన్మించి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవి నలంకరించిన కోకా సుబ్బారావుగారును అచటనే న్యాయశాస్త్రము నభ్యసించిరి. నాడు మనవారు దూరదేశములనుండి వచ్చి చదివిన కళాశాల నేడు మన వాకిటికి వచ్చినది. అయినను మన బీదబాలురు దాని గడప దాటవలెనన్న నెవరి చేయూత కావలెను? న్యాయశాస్త్రమెఱిగినవారు విద్యాదానమున కేమి చేసిరి? ఈ ప్రశ్నలకు మన సీమ చరిత్రలోనే కొంత సమాధానము దొరకును.

నేటి తిరువళ్లూరు జిల్లాలోని పెరియపాళయమున 1754లో పచ్చయప్ప మొదలియారు జన్మించెను. పుట్టుకకు ముందే తండ్రి గతించెను. తల్లి బిడ్డలతో మద్రాసు చేరి, పౌనీ నారాయణపిళ్ళ యను దుబాసీ నాశ్రయించెను. ఆ యింట పెరిగిన పచ్చయప్ప తానును దుబాసీయై అపారమైన ధనమార్జించి, 1794లో మరణించెను. మరణమునకు ముందు తన యాస్తిని దైవకైంకర్యములకును, ధర్మకార్యములకును వినియోగింపవలెనని మరణశాసనము వ్రాసెను. కాని శాసనము వ్రాసినంతమాత్రమున ధర్మము జరుగలేదు. ధనము పలువురి చేతులలో చిక్కి, కొన్ని దశాబ్దములు దాత సంకల్పము కాగితముననే నిలిచిపోయెను.

దానిని బయటికి తీసినవారు న్యాయవాదులు. అడ్వొకేటు జనరలుగా నుండిన సర్ హెర్బర్టు కాంప్టను ఈ వ్యవహారమును మద్రాసు సుప్రీంకోర్టు దృష్టికి తెచ్చెను. ఆయన తరువాత నా పదవికి వచ్చిన జార్జి నార్టను పట్టువిడువక పోరాడి ధర్మనిధిని సాధించెను. ధర్మకార్యములకు పోగా మిగిలిన ధనమును విద్యకు వినియోగింప నేర్పాటు జరిగెను. తత్ఫలితముగా 1842 జనవరిలో మద్రాసున పచ్చయప్ప పాఠశాల వెలసెను. అదియే క్రమముగా పెరిగి 1889లో ప్రథమశ్రేణి కళాశాల యయ్యెను. ధనమిచ్చినవాడు దుబాసీ, దానిని రక్షించి విద్యార్థికి చేర్చినవాడు న్యాయవాది. ఒకరు లేక మఱియొకరి శ్రమ ఫలించియుండదు.

ఆ విద్యాలయమునకును మన తెలుగు న్యాయవాదులకును గల సంబంధము గమనింపదగినది. చిత్తూరు సీమలోని కట్టమంచియందు 1843లో జన్మించిన పనప్పాకము ఆనందాచార్యులుగారు 1869 వఱకు పచ్చయప్ప పాఠశాలలో నుపాధ్యాయులుగా నుండి, పిమ్మట వకీలైరి. 1884లో మద్రాసు మహాజనసభను స్థాపించిన వారిలో నొకరు. 1891లో నాగపురమున జరిగిన కాంగ్రెసు మహాసభకు అధ్యక్షులు. ఆ యేడే న్యాయకళాశాలయు పుట్టినది. అనంతశయనం అయ్యంగారుగారును పుట్టిరి. అయ్యంగారు పచ్చయప్ప కళాశాలలో బి.ఏ. చదివి, కొంతకాలము గణితోపాధ్యాయులుగా పనిచేసి, 1913లో బి.ఎల్. పట్టమును పొందిరి. తరువాత న్యాయవాదియై, 1956 మొదలు 1962 వఱకు లోకసభాధ్యక్షులుగా నుండిరి. పెరియపాళయపు తండ్రిలేని బాలుడు విడిచిన ధనము శతాబ్దము దాటినపిదప తిరుచానూరి విద్యార్థికి పనికివచ్చెను. దానము యొక్క ఆయుర్దాయము దాత యాయుర్దాయముకంటె నెంత దీర్ఘమో యిందువలన తెలియును.

అయితే గుణముతోపాటు దోషమును చెప్పుట చరిత్ర ధర్మము. పచ్చయప్ప కళాశాలలో 1947 వఱకు హిందువులకు మాత్రమే ప్రవేశముండెను. గుమ్మమున నిలిచి వెనుదిరిగిన బాలుర పేర్లు ఏ గ్రంథమునను వ్రాయబడలేదు. దానపత్రమున వ్రాయు ప్రతి నిబంధనయు నెవరికో తలుపు మూయునని ధర్మకర్తలు గుర్తింపవలెను.

తిరుత్తణి విషయమున మఱియొక నిదర్శనము కలదు. సర్వేపల్లి రాధాకృష్ణగారు 1888 సెప్టెంబరు 5న ఇచటనే జన్మించిరి. తండ్రి వీరాస్వామిగారు స్వల్పాదాయముగల రెవిన్యూ ఉద్యోగి. వేలూరు ఊర్హీసు కళాశాలలోను, మద్రాసు క్రైస్తవ కళాశాలలోను విద్యార్థివేతనములే ఆయనకు ఊతగా నిలిచినవి. 1975లో తమకు లభించిన టెంపుల్టను బహుమాన ధనమును ఆయన ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు ఒసగిరి. ఆయన న్యాయవాది కారు. అయినను పుచ్చుకొన్న చేయి ఒకనాటికి ఇచ్చు చేయి కావలెనన్న ధర్మము అన్ని వృత్తులకును సమానము.

1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకా ఆంధ్రప్రదేశమునుండి మద్రాసు రాష్ట్రమునకు మారినది. జిల్లా మారినను ఇంటిభాష మారలేదు. అంతకుముందు తెలుగున వ్రాసిన దస్తావేజులు నేటికిని పెట్టెలలో నున్నవి. వానిని చదివి వాదింపగల న్యాయవాది ఈ సీమకు అవసరము. 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350ఏ అధికరణము ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పింపవలెనని చెప్పుచున్నది. 2006 నాటి తమిళాభ్యసన చట్టము వచ్చిన పిదప అల్పసంఖ్యాకభాషల విద్యార్థుల పరీక్షల విషయము న్యాయస్థానములకు పోవలసివచ్చినది. తమిళమును శ్రద్ధగా నేర్చుకొనుట మన బిడ్డలకు మేలే; తెలుగును నిలుపుకొనుట వారి హక్కు. ఈ రెండు మాటలను ఒకే నోట న్యాయస్థానమున చెప్పగలవారు మన పాఠశాలలనుండియే రావలెను.

తెలుగు పాఠములు చెప్పుకొని జీవించువాడనగుటచే, తెలివిగల బాలిక పన్నెండవ తరగతితో చదువు మానుటకు కారణము తరచుగా బుద్ధిమాంద్యము కాదని నేనెఱుగుదును. వసతిగృహపు వ్యయము, పుస్తకములు, రాకపోకల ఖర్చు, ఇంటికి రావలసిన కూలి పోవుట అనునవే అడ్డుగోడలు. పన్నెండవ తరగతి పిదప న్యాయవిద్య అయిదేండ్లు, పట్టభద్రులకు మూడేండ్లు. ఒక యేటి సాయము చాలదు. చదువు ముగియువఱకు నిలువవలెను.

కావున మన పాఠశాలలలో చదివి న్యాయవాదులైనవారికి నాదొక విన్నపము. పదిమంది కలిసి ఒక్క విద్యార్థిని చదివించిన చాలును. ధర్మనిధి పత్రము స్పష్టముగా వ్రాయుడు. ఏటేట లెక్కలను సభలో చదువుడు. కులమత నిబంధనలను విడువుడు. రుసుము కట్టు గడువునకు ముందే ధనమందింపుడు. దాత పేరు ఫలకముపై చెక్కించుట తరువాతి మాట. కాపలాలేని ధర్మధన మేమగునో పెరియపాళయపు పచ్చయప్ప కథ చెప్పినది. దానిని కాపాడు విద్య మీ చేతిలోనే యున్నది.