రాజగురువు విశ్వేశ్వర శంభువు

ఐరోపా మధ్యయుగ చరిత్రమును బోధించునపుడు జర్మనుదేశపు ఆర్చిబిషప్పుల సంగతి విద్యార్థులకు మింగుడుపడదు. మతగురువు కత్తి పట్టుటయేమి, కోటల నేలుటయేమి యని వారి ప్రశ్న. కొలోను నగరపు మతాధిపతియగు కాన్రాడు 1238 మొదలు 1261 వఱకు గురుపీఠముతోపాటు ఆ సీమ దొరతనమును గూడ నెఱపెను. 1242 లో పొరుగు ప్రభువుచే జిక్కి నెలలకొలది చెఱయందుండెను. రెండవ ఫ్రెడరికు చక్రవర్తి కెదురుతిరిగి వేఱు రాజులకు పట్టము గట్టెను. 1880 లో గాని ముగియని కొలోను మహాదేవాలయమునకు 1248 ఆగస్టు 15వ తేదీని శంకుస్థాపనము జరిగినది యీతని కాలముననే.

“అయ్యా, మన దేశమున నిట్టివారు లేరా?” యని మా శావల్యాపురమున నొక పిల్లవాడు నన్నడిగెను. ఉన్నారని చెప్పినచో నబద్ధమగును. లేరనినను నబద్ధమే యగును. ఆ కాన్రాడు సెప్టెంబరులో గన్నుమూసిన 1261 సంవత్సరముననే, దానికి మున్ను మార్చి నెలలో, మా గుంటూరుసీమలో మల్కాపురమున నొక శిలాశాసనము వెలసినది. పిల్లవానికి జెప్పవలసిన బదులు దానియందున్నది.

ఆ శాసనమునకు నాయకుడు విశ్వేశ్వర శివాచార్యుడు. విశ్వేశ్వర శంభువనియు నందురు. తెలుగువాడు కాడు. గౌడదేశమున దక్షిణరాఢలోని పూర్వగ్రామ మాతని జన్మస్థానము. నర్మదా భాగీరథుల నడుమనున్న డాహళమండలమున సద్భావశంభువను శైవాచార్యుడు గోళకీమఠమును స్థాపించెను. కలచురి యువరాజదేవు డాతనికి మూడు లక్షల గ్రామములను భిక్షగా నిచ్చెనని శాసనము పలుకుచున్నది. ఈ లెక్క కవిగారి యుదారత గానోపు! ఏమైనను ఆ మఠము సంపన్నమైనదనుటకు సందేహము లేదు. సోమశంభువువంటి పద్ధతికారులు పుట్టిన యా పరంపరలోని వాడే మన విశ్వేశ్వరుడు. 1199 లో రాజ్యమునకు వచ్చిన కాకతి గణపతిదేవుడు ఈతనివలన శివదీక్షను గొని తన్ను గురుపుత్రునిగా జెప్పుకొనెను. చోళ మాళవ ప్రభువులును శిష్యులేయట. రాజమందిరమున విద్యామండపమునందు పింగళజటలతో, మెఱయు కుండలములతో గూర్చుండిన గురువును శాసనకవి మన కన్నులయెదుట నిలిపినాడు.

గణపతిదేవుడు కృష్ణానది దక్షిణపు గట్టున వెలనాటిలోని మందర గ్రామమును గురువున కిత్తునని వాగ్దానము చేసెను. దానిని చెల్లించినది కుమార్తె రుద్రమదేవి. మందరముతోపాటు వెలగపూడిని, నదిలోని లంకలను గూడ నామె ధారవోసెను. ఆడుది సింహాసనముపై గూర్చుండియు రుద్రదేవ మహారాజను మగపేరు ధరింపవలసిన కాలమది.

ఇక గురువు చేసిన పని చూడుడు. తన పేర విశ్వేశ్వర గోళకియను నూరు నిర్మించి, దేవాలయమును, మఠమును, అన్నసత్రమును కట్టించెను. అరువది ద్రావిడ బ్రాహ్మణ కుటుంబములను రప్పించి యింటికి రెండేసి పుట్ల భూమి నిచ్చెను. తక్కిన భూమి మూడు భాగములు: ఒకటి శివునికి, ఒకటి విద్యార్థులకును శైవమఠమునకును, మూడవది ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, విప్రసత్రమునకు. ఋగ్యజుస్సామములకు ముగ్గురు, వ్యాకరణ మీమాంసా తర్క సాహిత్యాగమములకు ఐదుగురు ఉపాధ్యాయులు. ఒక వైద్యుడు, ఒక లేఖకుడు. అన్నము మాత్రము బ్రాహ్మణుడు మొదలు చండాలుని వఱకు వచ్చినవారి కెల్లరకు ఎల్లవేళల పెట్టవలయునని విధి.

ప్రసూతిశాల యన్న మాటను జదివినపుడు నేను చాలసేపు ఆ పుట త్రిప్పలేదు. పురిటి గదియనగా నింటి వెనుక చీకటికొట్టముగాను, పురుటాలు అంటరానిదిగాను చూచిన తరములు మనవి. కాన్పునకు వేఱుగా నొక యిల్లు కట్టుట, దానికి ఊరి పంటలో భాగము వ్రాయుట దొరలు వచ్చి నేర్పినదని మనలో బలువురు నమ్మియున్నారు. గోచి గట్టిన యొక సన్న్యాసి, తల్లీ బిడ్డయు లేని మఠవాసి, దానిని తన శాసనములో దేవుని భాగముప్రక్కనే నిలిపెను.

అయినను శాసనమును సగమే చదువుట న్యాయము కాదు. దేవుని కొలువునకు పదుగురు నాట్యకత్తెలు నియమితులైరి. గ్రామరక్షకులకు వీరభద్రులని పేరు. వారి విధులలో శిరశ్ఛేదము, కుక్షిచ్ఛేదము మున్నగునవి చెప్పబడినవి. అపరాధులకు శిక్షలని కొందఱును, వీరశైవోద్రేకమున దమకు దాము చేసికొను వ్రతములని కొందఱును వ్యాఖ్యానింతురు. ఏదైనను నేటి మనకు గగుర్పాటే. మఱియు నా మూడు భాగములును కృష్ణయొడ్డు పొలములను దున్నినవారి చెమటనుండి వచ్చినవే గాని ఆకాశమునుండి రాలినవి కావు. సత్రమున చండాలునకు అన్నము దొరకెను. భూమి దొరకినది అరువది యిండ్లకు. ఈ రెండును ఒకే రాతిపై నున్నవి.

కాన్రాడునకును విశ్వేశ్వరునకును భేదమేమని పిల్లవానికి జెప్పితిని: కాన్రాడు సీమకు దొర, సేన యాతనిది. మనవాడు రాజును దీవించి రాజు నొద్ద నూళ్లు పుచ్చుకొనెను, కోట గట్టలేదు. మఠములు మాత్రము గట్టెను. గోదావరియొడ్డున కాళేశ్వరమునను, మంథెనలోను, మన పల్నాటి కెదుట కృష్ణ యావలిగట్టున ఏలేశ్వరమునను గోళకీమఠములు వెలసెను. ఏలేశ్వరమిపుడు నాగార్జునసాగరపు నీటిక్రింద నున్నది. మందరము మందడమైనది. వెలగపూడిలో 2016 నుండి రాష్ట్ర సచివాలయము నడచుచున్నది. “ఆ ప్రసూతిశాల యెక్కడ సార్?” అని పిల్లవాడు మరల నడిగెను. మల్కాపురము పోయి శాసనస్తంభమును చూపింతునని మాట యిచ్చితిని. వేసవి సెలవులు రావలెను.