పూటకూళ్ళ ఇల్లు

పూటకూళ్ళ ఇల్లు అనగా పూటకు ఇంత అని రొక్కం తీసుకొని బయటివారికి భోజనం పెట్టే ఇల్లు. పూట, కూడు అనే రెండు మాటల నుండి ఈ పేరు ఏర్పడింది. దీనిని నడిపే స్త్రీని పూటకూళ్ళమ్మ అంటారు. దాతల సొమ్ముతో నడిచే సత్రానికీ దీనికీ భేదం ఉంది. సత్రం పుణ్యం కోసం, పూటకూళ్ళ ఇల్లు జీవనం కోసం. కథలు, నాటకాలు, నేటి పాత్రపోషణ ఆటలు ఇటువంటి చోటును తరచుగా రంగస్థలంగా వాడుకుంటాయి.

చరిత్ర

15వ శతాబ్దానికి చెందినదిగా భావించే క్రీడాభిరామంలో ఓరుగల్లులోని పూటకూటి భోజనం వర్ణన ఉంది. ఒక రూకకు పిండివంట, పంచదార, నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లతో భోజనం దొరికేదట.

ఉత్తరాంధ్రలో విజయనగరం, శ్రీకాకుళం, ఇచ్ఛాపురం పూరీ జగన్నాథానికి పోయే బాటలో ఉన్న ఊళ్ళు. 1830-31లో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య తిరుగుప్రయాణంలో ఈ బాటనే చెన్నపట్నం చేరాడు. యాత్రికులతో పాటు కోర్టు పనిమీద వచ్చేవారు, చదువుకునే పిల్లలు, ఒంటరి ఉద్యోగులు విజయనగరం వంటి పట్టణాలలో ఇటువంటి భోజనంపై ఆధారపడేవారు.

దీనిని నడిపినవారిలో బ్రాహ్మణ వితంతువులు ఎక్కువ. వితంతు వివాహం 1856లోనే చట్టబద్ధమైనా ఆచారం ఒప్పుకోలేదు. ఆస్తిలో హక్కు అంతంతమాత్రం. వంట ఒక్కటే చేతిలో ఉన్న విద్య. ఊరంతా ఆమె వడ్డించిన అన్నం తిని, ఆమె నడతను గురించే గుసగుసలాడేది. 20వ శతాబ్దంలో కాఫీ హోటళ్ళు, మెస్సులు పెరిగి ఈ ఇళ్ళు క్రమంగా కనుమరుగయ్యాయి.

కన్యాశుల్కంలో

గురజాడ అప్పారావు రచించిన కన్యాశుల్కం 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శింపబడి, 1897లో అచ్చయింది. బాగా మార్చి పెంచిన రెండవ కూర్పు 1909లో వెలువడింది. అందులో గిరీశం సంతలో సామాను కొనిపెడతానని పూటకూళ్ళమ్మ దగ్గర డబ్బు పట్టుకుపోయి వాడేసుకుంటాడు. ఆమె చీపురుకట్టతో అతనిని వెతుక్కుంటూ మధురవాణి ఇంటికి వస్తుంది. ఊరిలో నిలవలేని గిరీశం శిష్యుడు వెంకటేశం వెంట కృష్ణరాయపురం అగ్రహారం చేరతాడు. అసలు కథ అక్కడే ముదురుతుంది. అనగా నాటకాన్ని ఊరు దాటించినది పూటకూళ్ళ ఇంటి బాకీయే. పూటకూళ్ళమ్మను కేవలం హాస్యపాత్రగా చూడడం సరి కాదు. నాటకంలో తన కష్టార్జితాన్ని నిలదీసి అడిగిన స్త్రీ ఆమె.

ఇదే నాటకంలో సారా దుకాణం రంగం వేరుగా ఉంది. బైరాగి, హవల్దారు, వీరేశ, మనవాళ్ళయ్య అక్కడ ఒకచోట చేరి వేదాంతం మొదలు లోకవ్యవహారం వరకు మాట్లాడుకుంటారు. పూటకూళ్ళ ఇంటి పంక్తిలో కులనియమం ఉండేది కనుక ఈ నలుగురూ అక్కడ కలిసి కూర్చోవడం సాధ్యం కాదు. కూడు ఒకచోట, కల్లుసారాలు మరొకచోట అన్నది తెలుగునాట స్థిరపడిన ఏర్పాటు.

పాత్రపోషణ ఆటలలో

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో ఒకరు కథ నడుపుతారు, తక్కినవారు తలా ఒక పాత్ర వహిస్తారు. ఒకరికొకరు తెలియని యోధుడు, మాంత్రికుడు, దొంగ ఒక సత్రపు మద్యశాలలో కలుసుకోవడంతో కథ మొదలవడం ఈ ఆటలలో ఎంతగానో అరిగిపోయిన పద్ధతి. జె.ఆర్.ఆర్. టోల్కీన్ 1954 నాటి నవలలో ఫ్రోడోకు ఆరగార్న్ తారసపడేది ఇటువంటి చోటనే. పాత ఇంగ్లండులో కూడా బస ఇచ్చే ఇల్లు, ద్రాక్షసారా అమ్మే చోటు, బీరు పోసే ఇల్లు వేర్వేరు; ఆటలు వాటిని కలిపేశాయి.

ఈ పద్ధతిని యథాతథంగా ఉత్తరాంధ్రకు తెస్తే పొసగదు. 19వ శతాబ్దపు విజయనగరంలో ఆట నడిపేటప్పుడు జట్టులో ఒకరు లోపల విస్తరి ముందు, ఇంకొకరు వీధి అరుగు మీద, మూడవవారు ఊరి బయట కల్లుపాకలో ఉంటారు. వారిని కలపడమే మొదటి చిక్కు, ఆటకు అదే రుచి. మధ్యవర్తిగా అందరి పద్దులూ తెలిసిన పూటకూళ్ళమ్మ బాగా పనికివస్తుంది. ఎవరు ఎన్ని పూటలు తిన్నదీ, ఎవరు చెప్పకుండా ఊరు విడిచిందీ ఆమెకు తెలుసు. ఆ సంగతి చెప్పించాలంటే ముందు బాకీ తీర్చాలి.