దాచు
సంగంలో పెన్నా ఒడ్డున ఓ రైతింట వడ్లు దాచారంటే రేపటికి పదిలపరిచారని అర్థం, ఉత్తరం దాచారంటే కంటపడకుండా చేశారని. ‘దాచు’ అచ్చతెలుగు మాట. తూగు, తూచు జంటలాగే, తానుగా మరుగైతే దాగు, మరొకరు మరుగుపరిస్తే దాచు. దాపరికం, దాగుడుమూతల్లో మరుగే మిగిలింది. ‘నాలుగు డబ్బులు దాచుకో’ అన్నప్పుడు పొదుపు పలుకుతుంది. ‘దాచు’ అనాల్సిన చోట కోడ్ రాసే కుర్రకారులో కొందరు తమ ఎడిటర్ విజువల్ స్టూడియో కోడ్‌లోని ‘ఫైల్స్ ఎక్స్‌క్లూడ్’ సెట్టింగును వాడి ‘ఆ ఫైళ్ళు తీసేశాను’ అంటున్నారు. అది సరికాదు. టైప్‌స్క్రిప్ట్ నుంచి తయారైన జావాస్క్రిప్ట్ ఫైళ్ళకు అక్కడ ‘డాట్ జేఎస్’ నమూనా రాసి, అదే పేరుతో ‘డాట్ టీఎస్’ ఫైలు ఉన్నప్పుడే అని షరతు పెడితే, ఎడమ పక్క జాబితాలో చేత్తో రాసినవే కనిపిస్తాయి. తయారైనవి డిస్కులో చెక్కుచెదరవు, ప్రోగ్రామ్ నడిచేది వాటితోనే. ‘దాచాను’ అంటేనే ఒప్పు, ఎందుకంటే కంటికి మరుగు, వాడకానికి పదిలం అనే రెండర్థాలూ ఇక్కడ ఒకేసారి కుదిరాయి. ఫైళ్ళ మార్పులను నమోదు చేసే గిట్‌కు మాత్రం ఈ దాపరికం పట్టదు; దానికి ‘గిట్‌ఇగ్నోర్’ ఫైల్లో విడిగా చెప్పాలి.