పాఠశాల కౌన్సెలరుకు అర్హత ఏది?

పాఠశాల వరండాలో 'కౌన్సెలింగ్ గది' అన్న బోర్డు కనిపిస్తే తల్లిదండ్రులకు కొంత నిశ్చింత కలుగుతుంది. అయితే ఆ గదిలో కూర్చున్న వ్యక్తి ఏమి చదివారు, వారి పేరు ఏ రిజిస్టరులో నమోదై ఉంది అని అడిగేవారు తక్కువ. మన దేశంలో 'స్కూల్ సైకాలజిస్టు' పేరిట ప్రత్యేక లైసెన్సు ఏదీ లేదు. చేసే పనిని బట్టి వేర్వేరు చట్టాలు, బోర్డు నిబంధనలు వర్తిస్తాయి.

సుప్రీంకోర్టు ఏమన్నదంటే..

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023 జూలైలో మరణించిన పశ్చిమ బెంగాల్ విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు వెలువరించింది. జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి అప్పగించి, దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలను జారీ చేసింది. వాటి ప్రకారం 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ కనీసం ఒక అర్హుడైన కౌన్సెలరును గానీ, సైకాలజిస్టును గానీ, సోషల్ వర్కరును గానీ నియమించుకోవాలి. వారికి బాలల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉండాలి. విద్యార్థులు అంతకన్నా తక్కువగా ఉన్న సంస్థలు వెలుపలి నిపుణుల సేవలు అందేలా ఏర్పాటు చేసుకోవాలి. అమలును పర్యవేక్షించేందుకు జిల్లా కలెక్టరు అధ్యక్షతన కమిటీ ఉండాలని కూడా న్యాయస్థానం ఆదేశించింది.

హోదాలు మూడు.. అర్హతలు వేరు

క్లినికల్ సైకాలజిస్టు: 1992 నాటి భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) చట్టం పరిధిలోకి వస్తారు. ఎం.ఏ. లేక ఎం.ఎస్సీ. సైకాలజీ తరువాత మండలి ఆమోదించిన సంస్థలో రెండేళ్ల ఎం.ఫిల్. చేయడం ఇందుకు చిరకాలంగా ఉన్న మార్గం. 2022లో యూజీసీ ఎం.ఫిల్.ను రద్దు చేసినప్పటికీ, ఈ కోర్సుకు 2025-26 ప్రవేశాల వరకు మినహాయింపు ఇచ్చింది. అర్హులైనవారి పేరు కేంద్ర పునరావాస రిజిస్టరులో నమోదై ఉండాలి. నమోదు లేకుండా పునరావాస నిపుణుడిగా పనిచేస్తే ఏడాది వరకు జైలు గానీ, వెయ్యి రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చునని చట్టంలోని 13వ సెక్షను చెబుతోంది.

ఇతర సైకాలజిస్టులు: క్లినికల్ విభాగానికి చెందని సైకాలజిస్టులను 2021లో వచ్చిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం తన జాబితాలో చేర్చింది. రాష్ట్రాల మండళ్ల ద్వారా వీరి పేర్ల నమోదుకు ఈ చట్టం వీలు కల్పించింది.

పాఠశాల కౌన్సెలరు: సీబీఎస్‌ఈ 2018 నాటి అనుబంధ నిబంధనలలో ఉన్నత, సీనియర్ సెకండరీ పాఠశాలలకు కౌన్సెలరును తప్పనిసరి చేసింది. సైకాలజీలో డిగ్రీ లేదా పీజీ, శిశు వికాసంలో పీజీ, లేదా ఏదైనా డిగ్రీతో పాటు కెరీర్ గైడెన్స్, కౌన్సెలింగ్‌లో డిప్లొమా ఉన్నవారు అర్హులని పేర్కొంది.

ఎవరి పని ఏది?

పరీక్షల భయం, స్నేహితులతో తగవులు, చదువుపై విముఖత వంటివాటిపై పిల్లలతో మాట్లాడి ధైర్యం చెప్పడం, ప్రమాద సూచనలు కనిపిస్తే నిపుణుల వద్దకు పంపడం కౌన్సెలరు విధి. జబ్బును నిర్ధారించడం, మందులు సూచించడం ఆయన పని కాదు. మందులు రాయవలసినది వైద్యులే.

అక్షరాలు తారుమారుగా చదవడం, వయసుకు తగినట్లు రాయలేకపోవడం, లెక్కలు పట్టుబడకపోవడం వంటి లక్షణాల విషయంలో ఈ తేడా మరింత ముఖ్యం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి. ధ్రువీకరణ పత్రం ఉంటే బోర్డు పరీక్షల్లో అదనపు సమయం వంటి వెసులుబాట్లు లభిస్తాయి. ఆ పత్రాన్ని ప్రభుత్వం నిర్దేశించిన వైద్యాధికారులే ఇవ్వాలి. పాఠశాల కౌన్సెలరు రాసిచ్చిన కాగితం అందుకు చాలదు. దాన్నే నమ్ముకుని కూర్చుంటే విద్యా సంవత్సరం గడిచిపోతుంది, నష్టపోయేది బిడ్డే.

అమెరికాలో ఇలా..

అమెరికాలో స్కూల్ సైకాలజిస్టు అనేది ప్రత్యేక వృత్తి. లైసెన్సు నిబంధనలు రాష్ట్రానికో రీతిగా ఉంటాయి. పలు రాష్ట్రాలు ప్రామాణికంగా తీసుకునే జాతీయ ధ్రువపత్రానికి డిగ్రీ తరువాత కనీసం 60 సెమిస్టరు గంటల చదువు, 1200 గంటల ఇంటర్న్‌షిప్, ప్రాక్సిస్ పరీక్షలో ఉత్తీర్ణత అవసరం. ఇంటర్న్‌షిప్‌లో సగం, అంటే 600 గంటలు, పాఠశాలలోనే పూర్తి చేయాలి. మన కౌన్సెలర్ల అర్హతల్లో ఇటువంటి పాఠశాల అనుభవపు షరతు కనిపించదు.

తల్లిదండ్రులు అడగవలసినవి

* కౌన్సెలరు చదివిన కోర్సు ఏది? ఏ విశ్వవిద్యాలయం నుంచి?
* క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకొంటే కేంద్ర పునరావాస రిజిస్టరు సంఖ్య ఎంత? గడువు చెల్లుబాటులో ఉందా?
* పూర్తికాలం ఉంటారా, వారానికి ఒక రోజు వస్తారా?
* బిడ్డ పరిస్థితి విషమిస్తే ఏ ఆసుపత్రికి పంపుతారు? ఇంటికి ఎంతసేపట్లో తెలియజేస్తారు?

ఈ ప్రశ్నలు అడగడానికి తల్లిదండ్రులు సంకోచించనక్కరలేదు. అర్హత ఉన్నవారికి సమాధానం చెప్పడం కష్టం కాదు. పాఠశాలలో నిపుణులు లేనిచోట 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన టెలి మానస్ ఉచిత సహాయ కేంద్రానికి 14416 నంబరుపై ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు.